థ్యూసిడిడీస్ చరిత్రను అధ్యయనం చేయడం ఎలా: అమరికలో ఆలోచనను వెతకడం

ప్రాచీన గ్రీకు నగరరాజ్యాలైన ఏథెన్స్, స్పార్టాల మధ్య క్రీ.పూ. 431లో మొదలై 404లో ముగిసిన యుద్ధం గురించి ఏథెన్స్‌వాడైన థ్యూసిడిడీస్ రాసిన చరిత్రను చాలామంది సూక్తుల కోసమే తెరుస్తారు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ ప్రసంగం నుంచి ఒక వాక్యం, మెలోస్ దీవివాసులతో ఏథెన్స్ దూతలు జరిపిన సంవాదం నుంచి మరొకటి ఎత్తి రాసుకుని, అదే రచయిత అభిప్రాయమని తేల్చేస్తారు. ఆ మాటలు ఆయా వక్తలవి. తన ఆలోచనను థ్యూసిడిడీస్ ఎక్కువగా ఏ ఘటన పక్కన ఏ ఘటనను నిలిపాడన్న దానిలోనే ఉంచాడు కాబట్టి, అధ్యయనం కూడా అక్కడి నుంచే మొదలుకావాలని నా గట్టి నమ్మకం.

ముందుగా రెండు అనువాదాలు, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. గ్రంథాన్ని తర్వాతివారు ఎనిమిది భాగాలుగా విభజించారు, 3.82 అంటే మూడో భాగంలోని 82వ అధ్యాయం. ఏ అనువాదంలోనైనా ఈ సంఖ్యలు మారవు కనుక పుట సంఖ్యలకు బదులు వీటినే రాసుకోవాలి. ఆయన కాలాన్ని వేసవి, శీతాకాలాలుగా లెక్కిస్తాడు. నోటుపుస్తకంలో ఎడమవైపు రుతువునూ ఘటననూ, కుడివైపు దానికి ముందు ఏముందో, వెంటనే తర్వాత ఏం వచ్చిందో రాయండి. తొలి పఠనానికి 1.1–23, ఆపై రెండు, మూడు భాగాలు, సిసిలీ ద్వీపంపై ఏథెన్స్ దండయాత్ర సాగే ఆరు, ఏడు భాగాలు చాలు. క్రీ.పూ. 411 ఘటనల మధ్యలో ఆగిపోయే ఎనిమిదో భాగాన్ని తర్వాత చదవవచ్చు.

1.22ను మాత్రం నెమ్మదిగా, రెండుమూడు సార్లు చదవాలి. ప్రసంగాలను అక్షరాలా గుర్తుంచుకోవడం కష్టమైందనీ, అందువల్ల సందర్భానికి తగినవని తనకు తోచిన మాటలనే వక్తల చేత పలికించాననీ, అయితే నిజంగా చెప్పినదాని సారాంశానికి వీలైనంత దగ్గరగా ఉన్నాననీ ఆయన అక్కడ చెబుతాడు. ఈ రెండు హామీలు ఒకదానినొకటి లాగుతుంటాయి. అందుకే ప్రతి ప్రసంగాన్నీ ఆ తర్వాత జరిగినదానితో ఒరిపిడి పెట్టి చూడాలి.

దీనికి 2.35–54 మంచి అభ్యాసం. యుద్ధంలో తొలి ఏడాది మరణించినవారి అంత్యక్రియల్లో పెరిక్లిస్ ఏథెన్స్‌ను కీర్తిస్తాడు. ప్రసంగం ముగిసిన కొద్ది వాక్యాలకే వేసవి వస్తుంది, స్పార్టా పక్షం దండెత్తుతుంది, నగరంలో మహమ్మారి పుడుతుంది; థ్యూసిడిడీస్ తానూ ఆ జబ్బున పడి కోలుకున్నవాడే. 2.41లో పెరిక్లిస్ ప్రతి ఏథెన్స్ పౌరుని దేహాన్నీ ‘అవ్తార్కెస్’, అంటే తనకు తానే చాలినది అంటాడు. 2.51లో, బలమైనదైనా బలహీనమైనదైనా ఏ దేహమూ ఆ జబ్బుకు చాలినది కాలేదని చెప్పేటప్పుడు చరిత్రకారుడు వాడిన మాట కూడా అదే. క్రాలీ చేసిన 1874 నాటి ఆంగ్ల అనువాదంలో రెండుచోట్లా వేర్వేరు మాటలు పడటం వల్ల ఈ లంకె కనబడదు. ఇంటర్నెట్‌లోని పెర్సియస్ డిజిటల్ గ్రంథాలయంలో గ్రీకు మూలంలోని ఏ మాట మీద నొక్కినా అర్థం తెలుస్తుంది కాబట్టి, గ్రీకు రానివారు కూడా ఇలాంటి పునరుక్తులను పట్టుకోవచ్చు.

రెండో అభ్యాసానికి 3.36–50 తీసుకోండి. తిరుగుబాటు చేసిన మిత్రనగరం మిటిలీనిలో వయోజన పురుషులందరినీ చంపాలని క్రీ.పూ. 427లో ఏథెన్స్ సభ తీర్మానించి, మరునాడే పశ్చాత్తాపంతో మళ్లీ సమావేశమవుతుంది. జాలి పనికిరాదని ఏథెన్స్ నాయకుడు క్లియోన్ అంటాడు. ప్రాణాలు కాపాడాలని వాదించే డయొడోటస్ కూడా జాలికి లొంగవద్దనే చెప్పి, ఏథెన్స్ ప్రయోజనం గురించే మాట్లాడి స్వల్ప తేడాతో నెగ్గుతాడు. ఇప్పుడు 3.49లోని ఓడలను చూడండి. మొదటి ఆజ్ఞతో ఇంచుమించు ఒక పగలూ రాత్రీ ముందు బయలుదేరిన ఓడ, మోస్తున్న పని ఘోరమైనది కావడంతో తొందరపడదు. ఆ ఆజ్ఞ రద్దును మోసుకెళ్లే రెండో ఓడవాళ్లు మద్యం, నూనె కలిపిన బార్లీ పిండిని తెడ్లు వేస్తూనే తిని, వంతులవారీగా నిద్రపోయి, మిటిలీనిలోని ఏథెన్స్ సేనాని మొదటి ఆజ్ఞ చదివి అమలుకు సిద్ధమవుతుండగా చేరుకుంటారు. ఇద్దరు వక్తలూ వాదన నుంచి గెంటేసిన జాలి తెడ్లు వేసేవారి చేతుల్లో బతికింది. ఇది ఏ ప్రసంగంలోనూ దొరకని విషయం.

ఇంతగా ఆకట్టుకునే రచయితను అనుమానించడం కూడా నేర్చుకోవాలి. ఏథెన్స్ చేతిలోని ఆంఫిపోలిస్ నగరాన్ని స్పార్టా సేనాని బ్రాసిడాస్ పట్టుకున్నప్పుడు ఏథెన్స్ సేనానిగా థాసోస్ దీవిలో ఉన్నది థ్యూసిడిడీసే. ఏడు ఓడలతో వచ్చి ఈయోన్ రేవును మాత్రమే నిలబెట్టగలిగాడు. ఆ సంగతిని 4.104–106లో తన గురించి పరాయివాడిలా రాసి, ఆ తర్వాత తాను గడిపిన ఇరవై ఏళ్ల ప్రవాసాన్ని 5.26లో గానీ చెప్పడు. క్లియోన్‌ను పరిచయం చేసేటప్పుడే పౌరులందరిలో అత్యంత దురుసైనవాడని ముద్ర వేస్తాడు. కనుక క్లియోన్ కనిపించే ప్రతిచోటా జరిగిన పనిని ఒక రంగు సిరాతో, రచయిత జోడించిన విశేషణాన్ని మరో రంగుతో గుర్తించండి.

ఆయన వదిలేసిన విషయాల కోసం శాసనాలను చూడాలి. మిత్రరాజ్యాలు చెల్లించే కప్పాన్ని క్రీ.పూ. 425లో బాగా పెంచిన ఏథెన్స్ తీర్మానం రాతి ముక్కల మీద నేటికీ ఉంది. థ్యూసిడిడీస్ దాని ఊసే ఎత్తలేదు. నాలుగో భాగంలో ఆ ఏటి ఘటనల దగ్గర నోటుపుస్తకంలో ఖాళీ వదిలి, ఈ తీర్మానాన్ని అక్కడ మీ చేత్తో చేర్చుకుని, సామ్రాజ్యం గురించి ఆ తర్వాత వచ్చే ప్రసంగాలను మళ్లీ చదవండి.