బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డుతో కొనుగోళ్లు చేస్తే వడ్డీ ఎలా పడుతుంది?

ఒక క్రెడిట్ కార్డుమీద పేరుకుపోయిన బాకీని, కొన్ని నెలలపాటు సున్నా శాతం వడ్డీ అన్న మాట చూసి మరో కార్డుకు మార్చుకున్నవారిలో చాలామంది, ఆ కొత్త కార్డుతో ఏం కొన్నా అదే రాయితీ వర్తిస్తుందని అనుకుంటారు. నిజానికి ఆ రాయితీ మార్చుకున్న బాకీకే పరిమితం. కొనుగోళ్లకు కూడా వర్తిస్తుందని ఒప్పందంలో విడిగా రాసి ఉంటే తప్ప, కొత్తగా కొన్న ప్రతి వస్తువుమీదా కార్డుకున్న మామూలు వడ్డీయే పడుతుంది. అలా రాసి ఉన్నప్పుడు సైతం రెండు గడువులూ ఒకేసారి ముగుస్తాయని అనుకోకూడదు. బాకీకి ఏడాదికి పైగా గడువిచ్చి, కొనుగోళ్లకు మూడు నెలలే ఇచ్చే కార్డులూ ఉన్నాయి.

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది రేటు దగ్గర కాదు, వడ్డీ లేని గడువు దగ్గర. నెలనెలా బిల్లు మొత్తం కట్టేవారికి, కొన్న రోజు నుంచి చెల్లింపు గడువు వరకూ కొనుగోళ్లమీద వడ్డీ ఉండదన్న సంగతి తెలిసిందే. అయితే ఆ వెసులుబాటు దక్కాలంటే కార్డుమీద ఉన్న బకాయి అణాపైసలతో సహా తీరాలి, మార్చుకున్న బాకీ కూడా ఆ బకాయిలో భాగమే. ఏడాదిలో నిదానంగా తీర్చుకుందామని తెచ్చుకున్న బాకీ కార్డుమీద ఉన్నంతకాలం, ఈ నెల కొన్న సరుకుల సొమ్మును ఈ నెలే కట్టినా, కొన్న రోజు నుంచో ఖాతాలో నమోదైన రోజు నుంచో వడ్డీ లెక్క మొదలవుతుంది. మార్చుకున్న బాకీని పక్కనపెట్టి, మిగతాది కడితే చాలు ఈ గడువు వర్తిస్తుందనే సంస్థలు కొన్ని లేకపోలేదు. కానీ ఆ మాట ఒప్పందంలో కంటికి కనబడితేనే నమ్మాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. 1,00,000 బాకీని సున్నా శాతానికి మార్చుకున్నారనీ, మామూలు వడ్డీ ఏడాదికి 30 శాతమనీ, 5వ తేదీన 10,000కు ఒక వస్తువు కొన్నారనీ అనుకుందాం. 30ని 365తో భాగిస్తే రోజుకు 0.082 శాతం, అంటే ఆ కొనుగోలుమీద రోజుకు 8కి కాస్త పైన. 25న బిల్లు తయారయ్యేసరికి 20 రోజులకు సుమారు 164 వడ్డీ చేరుతుంది. చూడటానికి ఇది చిన్న మొత్తమే, అందుకే చాలామంది పట్టించుకోరు. తీర్చకుండా వదిలేస్తే వడ్డీమీద వడ్డీ కూడా పడుతూ ఇది నెలనెలా సాగుతుంది.

ఇప్పుడు మీరు కట్టే సొమ్ము ఏ బాకీకి జమ అవుతుందన్నది చూడాలి. అమెరికాలో 2009లో వచ్చి మరుసటి ఏడాది అమలైన క్రెడిట్ కార్డుల చట్టం ప్రకారం, కనీస చెల్లింపుకు మించి కట్టిన సొమ్మును సాధారణంగా ముందుగా ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకే జమ చేయాలి. కనీస చెల్లింపును మాత్రం తక్కువ వడ్డీ ఉన్నదానికి జమ చేసుకోవచ్చు. పై లెక్కలో కనీస చెల్లింపు 5,500 అయితే, మీరు 12,000 కట్టినప్పుడు 5,500 సున్నా శాతం బాకీకి పోయి, కొనుగోలుకు దక్కేది 6,500 మాత్రమే. మిగిలిన 3,500 మీద, చేరిన వడ్డీమీద మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ కొనుగోలును పూర్తిగా వదిలించుకోవాలంటే ఒకేసారి దాదాపు 15,700 కట్టాలి. ఇలాంటి నిబంధన లేనిచోట సంస్థ మొత్తం సొమ్మును ముందు సున్నా శాతం బాకీకే జమ చేసుకుంటే, కొనుగోలుమీది అసలు కదలనే కదలదు.

కాబట్టి కార్డు చేతికి రాగానే ఒప్పందంలో కొనుగోళ్ల వడ్డీ రేటు, వడ్డీ లేని గడువు, చెల్లింపుల జమ క్రమం అన్న మూడు చోట్లూ ముందు చదవండి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఈ మూడింటిలో ఏదీ కాదు. బాకీ మార్చినందుకు తీసుకునే రుసుము ఏ రేటు కింద లెక్కకొస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఈ కార్డును బాకీ తీర్చడానికే ఉంచి, రోజువారీ ఖర్చులకు ప్రతి నెలా పూర్తిగా తీర్చగలిగే మరో కార్డునో, డెబిట్ కార్డునో వాడటం మేలు. నెలనెలా వాటంతట అవే డబ్బు కోసుకునే చందాలు (సబ్‌స్క్రిప్షన్లు) ఏవైనా ఈ కార్డుకు ముడిపడి ఉంటే వాటినీ మార్చేయండి. కొనుగోలు చేశామన్న స్పృహ కూడా లేకుండా వడ్డీ తెచ్చిపెట్టేవి అవే.

ఇప్పటికే కొనేసి ఉంటే బిల్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వడ్డీ రోజులవారీగా పడుతుంది కనుక ఎంత త్వరగా కడితే అంత తగ్గుతుంది. అయితే బిల్లుకు ముందు కట్టిన సొమ్మును ఏ బాకీకి జమ చేస్తారో సంస్థను ముందే అడిగి కట్టండి. బిల్లులో ఏ రేటు కింద ఎంత బాకీ ఉందో విడివిడిగా చూపించే పట్టికలో కొనుగోళ్ల వరుస సున్నాకు వచ్చిందో లేదో చూసుకోవాలి. 25న వచ్చిన బిల్లును వచ్చే నెల 15న తీరిస్తే, ఆ మధ్య దాదాపు 20 రోజుల వడ్డీ తర్వాతి బిల్లులో కనబడుతుంది. అది పొరపాటున పడింది కాదు, దాన్ని కూడా కట్టేయాలి.