ట్రిగ్గర్ ఇంజెక్షన్: గంట తప్పకూడని మందు

సంతాన చికిత్సలో అండం విడుదలయ్యే వేళను మన చేతుల్లోకి తెచ్చేది ట్రిగ్గర్ ఇంజెక్షన్. సహజంగానైతే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోను ఒక్కసారిగా పెరిగి అండాన్ని పక్వం చేస్తుంది. ఇంజెక్షన్‌లోని హెచ్‌సీజీ అనే హార్మోను ఆ పనినే చేసి, సుమారు 36 నుంచి 40 గంటల్లో అండం విడుదలయ్యేలా చూస్తుంది.

అంతకుముందు లెట్రోజోల్ మాత్రలతోనో, రోజువారీ ఇంజెక్షన్లతోనో ఫాలికల్స్‌ను, అంటే అండాశయంలో అండం ఎదిగే చిన్న సంచులను, పెంచుతారు. స్కానింగ్‌లో పెద్ద ఫాలికల్ సుమారు 18 మిల్లీమీటర్లకు చేరాక వైద్యులు ట్రిగ్గర్ సమయం చెబుతారు. అండాలను బయటికి తీసి ప్రయోగశాలలో ఫలదీకరణ చేసే ఐవీఎఫ్‌లోనైతే అవి ముందే విడుదలైపోకుండా సెట్రోరెలిక్స్ వంటి మందును కూడా ఇస్తారు. దాన్ని ఒక్క పూట మరిచినా అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా కావచ్చు.

ఐవీఎఫ్‌లో అండాలను సాధారణంగా ట్రిగ్గర్ తర్వాత 34 నుంచి 36 గంటలకు బయటికి తీస్తారు. బుధవారం ఉదయం 8 గంటలకు తీయాలంటే, 36 గంటల లెక్కన సోమవారం రాత్రి 8 గంటలకే ఇంజెక్షన్ పడాలి. ఎక్కువమంది పొరబడేది అర్ధరాత్రి వేళ ఇచ్చినప్పుడే. ‘సోమవారం రాత్రి 12’ అంటే ఏ తేదీ కిందికి వస్తుందో ఆసుపత్రిలోనే అడిగి, తేదీతో సహా కాగితం మీద రాయించుకోవాలి. పొడి రూపంలో వచ్చే మందైతే ద్రావణం కలిపాక సీసాను గట్టిగా కుదపకుండా, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో చర్మాన్ని మడతపట్టి గుచ్చడం సాధారణ పద్ధతి. అయితే కొన్ని రకాలను కండరంలోకి ఇస్తారు కాబట్టి నర్సు చూపిన విధానాన్నే పాటించాలి.

ఆలస్యమైతే దాచకండి. వేసిన అసలు సమయం తెలిస్తే వైద్యులు అండాలు తీసే వేళను మార్చగలరు. మందు కొంత ఒలికిపోయినా వెంటనే చెప్పాలి తప్ప, సొంతంగా రెండో డోసు వేసుకోకూడదు.

హెచ్‌సీజీ పది నుంచి పద్నాలుగు రోజుల వరకు శరీరంలో మిగిలే అవకాశముంది. గర్భ పరీక్ష గుర్తించేదీ ఈ హార్మోనునే కాబట్టి, ఆలోగా ఇంట్లో చేసుకున్న పరీక్షలో కనిపించే రెండో గీతను నమ్మలేం. ఎంతో ఆశతో చూసుకునే గీత అది, అందుకే ముందుగా చెబుతున్నాను.

ఫాలికల్స్ మరీ ఎక్కువగా పెరిగినవారిలో హెచ్‌సీజీ వల్ల అండాశయాలు ప్రమాదకరంగా ఉబ్బవచ్చు. ఐవీఎఫ్‌లో అలాంటివారికి ల్యూప్రోలైడ్ వంటి మరో రకం ట్రిగ్గర్ వాడే వీలుంది. ఏ ట్రిగ్గర్ తీసుకున్నా పొట్ట బిగిసినట్లు ఉబ్బడం, బరువు వేగంగా పెరగడం, మూత్రం తగ్గడం, ఊపిరి అందకపోవడం వంటివి కనిపిస్తే, రాత్రయినా సరే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.