జాతివివక్షపై చర్చను ఒకే కొలతతో నడపడం ఎలా

తిరుపతిలో చాలా వీధుల్లో అమెరికాలో చదివే పిల్లలో, ఉద్యోగం చేసే పిల్లలో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. అందువల్ల అక్కడ మనవాళ్లకు జరిగే అవమానాలు ఇక్కడ కాలేజీ సెమినార్లలోనూ, పెళ్లి భోజనాల దగ్గరా చర్చకు వస్తుంటాయి. చర్చ కాస్త వేడెక్కగానే "మరి మనం ఇక్కడ చేస్తున్నదేమిటి?" అని ఒకరు, "అదీ ఇదీ ఒకటెట్లా అవుతుంది?" అని మరొకరు లేస్తారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టకుండా ఆ రెంటికీ చోటిచ్చే బాధ్యత మీ మీద పడితే, ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందుగా, చర్చ నోటి మాట గురించా, దాడి గురించా, ఒక సంస్థ పెట్టిన నిబంధన గురించా, చట్టం గురించా అన్నది తేల్చి బోర్డు మీద రాయండి. ఈశాన్య రాష్ట్రాల నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాణ్ణి బస్సులో "చైనావాడు" అని పిలవడం తప్పే. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా, తన జుట్టును ఎగతాళి చేసినవారితో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. మొదటిదానిలోని తేలికభావమే రెండోదానికి దారి వేస్తుందని వాదించవచ్చు గాని, రెంటికీ ఒకే శిక్ష అడగకూడదు.

తర్వాత పేర్లూ ఊళ్లూ మార్చి చూడమనండి. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లో "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ ఒకడు తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాడు. హంతకుణ్ణి అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్‌కు కూడా తూటా తగిలింది. ఆ మరుసటి నెలలోనే గ్రేటర్ నోయిడాలో, ఒక విద్యార్థి మరణానికి నైజీరియన్లే కారణమన్న అనుమానంతో జనం ఆఫ్రికన్ విద్యార్థుల మీద పడ్డారు. అది జాతివిద్వేషమేనని ఆఫ్రికా దేశాల రాయబారులు అన్నారు. విచారణ ముగియక ముందే అలా అనలేమని మన ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. పాల్గొనేవారికి తలా రెండు కాగితాలిచ్చి, రెండు ఘటనల మీదా ఒకే ప్రశ్నలకు జవాబులు రాయించండి: దెబ్బ తిన్నవాడు చేసిన తప్పేమిటి, కొట్టినవాడికి అతనెవరో తెలుసా లేక రంగు చూసి నిర్ణయించుకున్నాడా, ప్రభుత్వం ఎంత త్వరగా ఏం చెప్పాలని మనం ఆశించాం? కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు, ఒకే చేతిరాతలో ఒకచోట "విద్వేషం" అనీ, మరోచోట "స్థానికుల ఆగ్రహం" అనీ కనిపిస్తే, చర్చ అక్కడి నుంచే మొదలుపెట్టండి. కాన్సాస్‌లో హంతకుడి మాటలే సాక్ష్యమయ్యాయని ఎవరైనా అంటే, అది నిజమైన తేడాయే కాబట్టి దాన్ని తోసిపుచ్చకండి.

పేర్లు మార్చడంతోనే న్యాయం తేలిపోదు. సందర్భం కూడా చూడాలి. తిరుపతిలో అద్దె ఇల్లు వెతుక్కునేవారికి గేటు దగ్గరే "మీరేం కులమోళ్లు?" అన్న ప్రశ్న ఎదురవుతుంటుంది. అదే ప్రశ్న అద్దెకొచ్చిన మనిషి యజమానిని అడిగితే ఆయనకు కోపం రావచ్చు గాని ఆయన ఇల్లు ఎక్కడికీ పోదు. యజమాని అడిగినప్పుడు మాత్రం ఒక కుటుంబం మరో వీధి పట్టుకుని తిరగాలి. అంటే మాట ఒకటే అయినా, దాని వెనుక ఎవరి చేతిలో ఏముందో లెక్కలోకి తీసుకోవాలి. అయితే ఈ లెక్క ఇరువైపులా జరగాలి. మనవాడి మాటకు భయం, చరిత్ర, పెరిగిన తీరు అన్నీ వెతికిపెట్టి, ఎదుటివాడి మాటను మాత్రం ఉన్నదున్నట్టుగా తూచడమే అసలైన ద్వంద్వనీతి అని నా గట్టి అభిప్రాయం. ఒక పక్షానికి ఏ సందర్భాన్ని అనుమతించారో, రెండో పక్షానికీ అదే ప్రశ్న వేయండి.

మన ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ తప్పకుండా పెట్టండి, దూరపు ఊళ్ల గురించి అందరూ ధర్మంగానే మాట్లాడతారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు, అవి బూటకపు ఎదురుకాల్పులని హక్కుల సంఘాలు చెప్పాయి. ఆ వాదంలోకి దిగకుండానే మన మాటతీరును పరీక్షించవచ్చు. ఎర్రచందనం కేసుల్లో రాయలసీమవారు పట్టుబడితే వారిని పేరుతో చెబుతాం. కూలి కోసం గొడ్డలి పట్టినవారిని మాత్రం "అరవోళ్లు" అని మొత్తంగా కలిపేస్తాం. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే మన జిల్లాలవాళ్లకు ఆ మాట ఎలా వినిపిస్తుందో అడిగి తెలుసుకోండి. ఇది భాషకు సంబంధించినది గాని జాతికి కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవచ్చు, ఒకడి నేరాన్ని అందరికీ అంటగట్టే పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

కులం ప్రస్తావన వచ్చినప్పుడు మరికొంత సమయం కేటాయించండి. దక్షిణాఫ్రికాలో భారతీయులపై వివక్షను 1946లోనే ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తిన దేశం మనది. 1965 నాటి జాతివివక్ష నిర్మూలన ఒడంబడికలో జాతి, రంగులతో పాటు వంశాన్ని కూడా చేర్చాలని ప్రతిపాదించిందీ మనమే. 2001లో డర్బన్‌లో జాతివివక్షపై ఐక్యరాజ్యసమితి జరిపిన సదస్సులో దళిత సంఘాలు కులవివక్షను చర్చించమన్నప్పుడు, కులం జాతి కాదని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అంటరానితనాన్ని నిషేధించే రాజ్యాంగంలోని 17వ అధికరణం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం ఇప్పటికే ఉన్నాయన్నది ప్రభుత్వ పక్షాన చెప్పదగిన వాదన. పుట్టుకను బట్టి మనిషిని దూరం పెట్టడం ఏ పేరుతో జరిగినా ఆ ఒడంబడిక పరిధిలోకి వస్తుందన్నది రెండో వాదన. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించినప్పుడు, ఆ చట్టం ఒక సమాజాన్నే వేలెత్తి చూపుతోందని కొందరు ప్రవాసులు బాధపడ్డారు. వారి మాట వినండి. విన్నాక, వర్ణవివక్షను నిషేధించే చట్టాల గురించి ఒక తెల్లవాడు అదే మాటంటే మీ జవాబేమిటని అడగండి.

"మరి అక్కడ జరిగిందో?" అన్న ప్రశ్న ఎత్తినవారి ఉద్దేశాన్ని కనిపెట్టడం కష్టం కాదు. పోలిక చెప్పి మొదటి ఘటనకు తిరిగి వస్తే అది వాదన. తిరిగి రాకపోతే మీరే మర్యాదగా తీసుకురండి.

చర్చలో వివక్షను అనుభవించినవారు ఉంటే, వారిని తమ వాళ్లందరి తరఫున సాక్ష్యం చెప్పమని నిలబెట్టకండి. మాట్లాడతారా అని ముందుగా పక్కకు పిలిచి అడగండి. వద్దంటే, వారి పేరెత్తకుండా అందరికీ తెలిసిన ఘటనల మీదనే చర్చ నడపండి.