కలంకారీ గుడ్డ మీద సైనికుడి రోజు: ప్రదర్శనకు గీసేవారికి

యుద్ధం మీద బొమ్మలు వేయమంటే చాలామంది చేయి ముందుగా తుపాకులు పేలే చోటికే పోతుంది. సైనికుడి రోజులో ఆ ఘడియలు తక్కువ. మిగతాదంతా మోయడం, తవ్వడం, వండుకోవడం, తుపాకీ తుడుచుకోవడం, ఉత్తరం కోసం చూడడం. ఈ పనులు చూపించడానికి శ్రీకాళహస్తి కలంకారీని మించిన పద్ధతి మనకు లేదు. మధ్యలో పెద్ద గడి, చుట్టూ చిన్న గడులు, ప్రతి గడి కింద తెలుగులో ఒక పంక్తి. రామాయణాన్ని చెప్పే ఆ అమరికే తెల్లవారుజాము నుంచి రాత్రి కాపలా దాకా ఒక సైనికుడి రోజును చెబుతుంది.

గీత మొదలుపెట్టే ముందు ఒక యుద్ధం, ఒక ఋతువు, ఒక దళం తేల్చుకోండి. ‘ఏదో ఒక యుద్ధం, ఎవరో ఒక సైనికుడు’ అనుకుని గీస్తే టోపీ ఒక కాలానిది, తుపాకీ ఇంకో కాలానిది అవుతుంది. మాజీ సైనికులు ప్రదర్శనకు వస్తే మొదట పట్టుకునేది అదే. తిరుపతి, చిత్తూరు వారికి మా సూచన రెండో ప్రపంచ యుద్ధంలోని 1944-45 బర్మా, మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరు దళం. అప్పట్లో చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ దళంలో తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు, కన్నడిగులు కలిసి పనిచేశారు. పైగా దారులు వేయడం, వంతెనలు కట్టడమే వాళ్ల వృత్తి కాబట్టి గీయడానికి పనికి కొదవ ఉండదు. 1971 పాకిస్తాన్ యుద్ధం ఎంచుకుంటే ఒంటి మీద ఆలివ్ గ్రీన్, చేతిలో 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ ఉండాలి. ఆ యుద్ధంలో మహావీర్ చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారు తిరుపతివారే కనుక ఊళ్లో ఆ కథ తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు.

మాజీ సైనికుల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ‘సుబేదార్ గారూ’, ‘హవల్దార్ గారూ’ అని హోదాతో పిలిస్తే మాట సులువుగా కలుస్తుంది. ఎంతమందిని చంపారు, భయమేసిందా వంటివి అడగొద్దు. నీళ్ల సీసా ఏ పక్క వేలాడేది, తడిసిన మేజోళ్లు ఎక్కడ ఆరేసేవారు, అన్నం ఎందులో తినేవారు అని అడగండి. బొమ్మకు కావలసింది ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.

బర్మా గడులకు తెలిసి ఉండాల్సినవి

1943 నుంచి అక్కడి దుస్తులు అడవి పచ్చ రంగు. నడుముకు, భుజాలకు 1937 నమూనా కాన్వాస్ పట్టీలు. నీళ్ల సీసా ఎనామెల్‌ది, చుట్టూ ఫెల్టు తొడుగు, కుడి తుంటి మీద వేలాడుతుంది. తినే పళ్లేలు చదరపు మూలలవి రెండు, ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. భారత సేన అనగానే అందరికీ తలపాగా చుట్టేయకండి, మద్రాసు దళాలకు అది కుదరదు.

మధ్య గడికి బెయిలీ వంతెన, అంటే ఉక్కు ప్యానెళ్లు కలుపుకుంటూ కట్టే వంతెన, పెట్టండి. చింద్విన్ నది మీద కలేవా దగ్గర 1944 డిసెంబరులో కట్టిన వంతెన పొడవు 1,154 అడుగులు. దాని ఉక్కు ప్యానెల్ ఒక్కొక్కటి 10 అడుగుల పొడవు, 5 అడుగులకు కొంచెం పైన ఎత్తు, దాదాపు 260 కిలోలు. ఆరుగురు మోస్తారు, అంటే మనిషికి 43 కిలోలు పైమాటే. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే: మోసేవాళ్లను నిటారుగా, ఛాతీ విరిచి గీయడం. బరువున్న పక్క భుజం కిందికి దిగుతుంది, ఒళ్లు రెండో పక్కకు వాలుతుంది, మోకాలు కొంచెం వంగుతుంది, మెడనరాలు బయటపడతాయి. కూర్చుని ఊహించుకుంటే ఇది రాదు. ఇద్దరు స్నేహితులకు, ఒక్కొక్కరికి ఒక చేతికే 25 కిలోల బియ్యం మూట ఇచ్చి పది అడుగులు నడిపించి, వెనక నుంచి, పక్క నుంచి పెన్సిల్‌తో గబగబా గీసుకోండి. మూట దించాక గీస్తే ఒంటిలో ఆ బిగువు ఉండదు. వాళ్లకు నేటి సైనిక దుస్తులు మాత్రం వేయొద్దు. కాలం తప్పడం ఒకటైతే, సైనికుడని నమ్మించేలా ఆ దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168 ప్రకారం నేరం.

తుపాకీ తుడిచే గడి చిన్నదే కానీ చూపు అక్కడే ఆగుతుంది. .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను శుభ్రం చేసేటప్పుడు ముందు గొట్టం వెనక మూసే బోల్టు బయటికి తీసి గుడ్డ మీద పెడతారు. వెనక నుంచి ఇత్తడి గుండు కట్టిన తాడును గొట్టంలోకి జారవిడుస్తారు. తాడుకున్న ఉచ్చులో 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఫ్లానెల్ ముక్క ఉంటుంది. మూతి దగ్గర తాడు పట్టుకుని ఒక్క ఊపున లాగుతారు. తాడు, నూనె సీసా రెండూ తుపాకీ మడమలోని చిన్న అరలో ఉంటాయి. బోల్టు తుపాకీలోనే ఉంచి తాడు లాగుతున్నట్టు గీస్తే ఆ బొమ్మ అబద్ధం. బోల్టు పిడి ఎప్పుడూ కుడివైపే. పాత ఫొటోలో అది ఎడమన కనిపిస్తే ఫొటో తిరగబడి అచ్చయిందన్నమాట. చొక్కా గుండీలు చూసినా తెలిసిపోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం గీసేవాళ్లకు రెండు మాటలు. కాలికి చుట్టే పట్టీ సుమారు 9 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు. కాల్బలం చీలమండ నుంచి పైకి చుట్టి మోకాలి కింద ముడి వేస్తుంది. గుర్రపు దళం పైనుంచి కిందికి చుట్టి చీలమండ దగ్గర ముగిస్తుంది. ఇక ఉత్తరం రాసుకునే గడిలో ఒంటరి సైనికుణ్ణి కూర్చోబెట్టకండి. అప్పట్లో చాలామందికి చదువు రాదు. రాయగలిగినవాడి చుట్టూ నలుగురు చేరి చెబుతుంటే అతను రాసేవాడు, వచ్చిన ఉత్తరం అందరికీ వినిపించేలా చదివేవాడు. గీయడానికి కూడా ఆ గుంపే బాగుంటుంది.

గుడ్డ, రంగులు

గాడా గుడ్డను, అంటే ముతక నూలు గుడ్డను, గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టండి. మీటరు గుడ్డకు 50 గ్రాముల కరక్కాయ పొడి, అర లీటరు చిక్కటి పచ్చి గేదెపాలు, గుడ్డ మునిగేంత నీళ్లు. అంతటా సమానంగా పిండి ఎండలో ఆరేయాలి. పాలు పలచనైతే గీత పక్కలకు పాకుతుంది. పాకిన గీతలో గుండీలు, పట్టీలు నిలవవు.

నల్లరంగుకు కసిమి. తుప్పు పట్టిన ఇనుము కిలో, బెల్లం, తాటిబెల్లం చెరో 100 గ్రాములు, నీళ్లు 5 లీటర్లు కుండలో వేసి మూత కట్టి 15 నుంచి 20 రోజులు పులియనివ్వండి. కసిమి మరీ గాఢమైతే కొన్నేళ్లకు గీత ఉన్నచోటే గుడ్డ చిరుగుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నలుపు పట్టేస్తుంది, ఇక చెరపడం కుదరదు. అందుకే ముందు కాగితం మీద అసలు కొలతలో పూర్తి బొమ్మ వేసుకుని, తర్వాత కాల్చిన చింతపుల్లతో గుడ్డ మీద గీసి, ఆ పైనే కలం పట్టండి.

ఖాకీ, అడవి పచ్చ రంగుల కోసం అంగడికి పోనక్కర్లేదు. కసిమి ఒక వంతుకు నీళ్లు ఐదు వంతులు కలిపి, గుడ్డలో కరక్కాయ ఉండగానే దుస్తుల మీద పూయండి, బూడిద రంగు వస్తుంది. ఉతుకులన్నీ అయ్యాక చివర్లో దాని మీద కరక్కాయ పువ్వు పసుపు వేస్తే ఖాకీ, రెండు పూతలైతే ఆలివ్. ముందే ఒక ముక్క మీద సరిచూసుకోండి, కసిమి ప్రతి కుండకూ మారుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి ఒక రోజు ఆగి, పారే నీళ్లలో జాడించి మంజిష్ఠతో ఉడికించాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేనప్పుడు తొట్టిలో జాడిస్తే మూడు నాలుగుసార్లు నీళ్లు మార్చండి. లేకపోతే పటిక బొమ్మ వెనక ఖాళీ అంతా పాకి గుడ్డ గులాబీ రంగుకు తిరుగుతుంది.

ఒంటిరంగు దగ్గర ఆలోచించి పని చేయాలి. కలంకారీలో నీలం దేవుళ్లది, ఎరుపు రాక్షసులది, పసుపు స్త్రీలది. ఈ అలవాటు కళ్లున్నవాళ్లే మన ప్రదర్శనకు వస్తారు. శత్రు సైనికుడికి ఎరుపు వేస్తే అతన్ని రాక్షసుణ్ణి చేసినట్టే. మనవాడికి నీలం వేస్తే ఆకలి, నిద్ర ఉన్న మనిషి కనబడకుండా పోతాడు. ఇద్దరికీ ఒకే గోధుమ రంగు వేయండి. బర్మాలో ఒక చిక్కు ఉంది. మలేరియా రాకుండా రోజూ మింగిన మెపాక్రిన్ మాత్రలతో సైనికుల ఒళ్లు పసుపుబారేది. ఇది చూపించదగ్గ నిజం. మాత్ర మింగే గడిలో గోధుమ రంగు మీద పలుచటి పసుపు వేసి, కింది పంక్తిలో మాత్ర సంగతి తప్పక రాయండి.

గోడకు ఎక్కించేటప్పుడు గుడ్డ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పైనా కిందా కర్ర తొడగడానికి ముందే 3 అంగుళాల మడత వదులుకోండి. కిటికీ ఎండ తగిలితే పసుపు ముందు పోతుంది, దాంతో ఆలివ్ మళ్లీ బూడిదవుతుంది. తీసుకెళ్లేటప్పుడు మడత పెట్టొద్దు. బొమ్మ పైకి వచ్చేలా లావు గొట్టానికి చుట్టి, పైన పాత నూలు చీర కప్పండి.