టెక్సాస్‌లో కస్టడీ కేసు వేరే కౌంటీకి మారడం లేదా? చిక్కు ఎక్కడుందో చూడండి

విడాకులు డాలస్ కౌంటీ కోర్టులో అయ్యాయి. తర్వాత అమ్మ, పాప వేరే కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) ఉన్న ఫ్రిస్కోలో స్థిరపడ్డారు. ఇప్పుడు కస్టడీ ఆర్డరులో మార్పు కావాలి, ప్రతి వాయిదాకీ పాత కోర్టుకే వెళ్లాల్సి వస్తోంది.

సమస్య: కొత్త కౌంటీలో వేసిన పిటిషన్ ముందుకు సాగడం లేదు.

కారణం: ఆర్డరు ఇచ్చిన కోర్టుకే ఆ పాప విషయంలో అధికారం కొనసాగుతుంది. ఇల్లు మారితే కేసు దానంతటదే మారదు.

పరిష్కారం: మార్పు కోరే పిటిషన్ పాత కోర్టులోనే వేసి, దాంతోపాటే ‘మోషన్ టు ట్రాన్స్‌ఫర్’ (కేసు బదిలీ కోరే అర్జీ) వేయాలి. పాప కొత్త కౌంటీలో ఆరు నెలలో, అంతకుమించో ఉంటే, గడువులోగా అడిగినవారికి జడ్జి కేసు బదిలీ చేసి తీరాలి. ఇది టెక్సాస్ ఫ్యామిలీ కోడ్ 155.201లో ఉంది. లెక్కలోకి వచ్చేది పాప నివాసం, మీది కాదు. అన్నట్టు, ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఊరి పేరు చూసి నిర్ణయించుకోకుండా ప్రాపర్టీ ట్యాక్స్ రికార్డులో పాప ఉండే ఇల్లు ఏ కౌంటీ కిందికి వస్తుందో చూసుకోండి.

సమస్య: ఆరు నెలలు దాటినా మోషన్ కొట్టేశారు.

ముందుగా తేదీలు చూడండి. పిటిషన్ వేసినవారు బదిలీ కూడా అప్పుడే అడగాలి. నోటీసు అందుకున్నవారికైతే, అది అందిన 20వ రోజు తర్వాత వచ్చే మొదటి సోమవారం వరకు గడువు. ఈలోపే విచారణ మొదలైతే అంతకుముందే వేయాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ హక్కు పోతుంది. అందుకే లాయరుతో మొదటి మీటింగులోనే ఈ సంగతి ఎత్తండి.

సమస్య: పాప ఆ కౌంటీలో అన్నాళ్లు లేదని అవతలివాళ్లు అఫిడవిట్ వేశారు.

అప్పుడు విచారణ జరుగుతుంది. అందులో బదిలీకి సంబంధించిన సాక్ష్యమే వింటారు. ఎవరు మంచి తల్లి, ఎవరు మంచి తండ్రి అన్న వాదన అక్కడ పనికిరాదు. స్కూల్ రికార్డులు, పిల్లల డాక్టర్ కాగితాలు, ఇంటి లీజు సిద్ధం చేసుకోండి. వేసవిలో పాపను ఇండియాకి తీసుకెళ్లారని టెన్షన్ పడక్కర్లేదు. నివాసం ఒక్కరోజు కూడా తెగకుండా ఉండాలని చట్టం అడగదు, కేసు వేయడానికి ముందు ఆరు నెలల్లో ప్రధానంగా ఎక్కడ ఉందో చూస్తుంది. కానీ పాప ఫలానా కౌంటీల్లోనే ఉండాలని మీ ఆర్డరులో షరతు ఉంటే, బదిలీ కోసమని దాన్ని దాటి ఇల్లు మార్చకండి. ఆర్డరు ధిక్కరించినట్టవుతుంది, నలిగేది పాపే.

సమస్య: బదిలీ ఆర్డరు వచ్చింది, కొత్త కోర్టులో ఫైలు లేదు.

ఆర్డరుపై సంతకమైన 10 పనిదినాల్లోగా పాత కోర్టు క్లర్కు ఫైలు పంపాలి. రెండు ఆఫీసులకూ ఫోన్ చేసి, కొత్త కోర్టులో ఫీజు ఏమైనా బాకీ ఉందేమో అడగండి. కేసు అక్కడ నమోదయ్యేదాకా తాత్కాలిక ఆర్డర్లు ఇచ్చే అధికారం పాత కోర్టుకే ఉంటుంది కాబట్టి అత్యవసరమైతే అక్కడికే వెళ్లాలి. పాత ఆర్డరు ఈలోగా రద్దు కాదు, పాపను అప్పగించే రోజులు మారవు.

పాప టెక్సాస్ దాటి వేరే రాష్ట్రానికి వెళ్లి ఉంటే పైవేవీ వర్తించవు. దానికి యూసీసీజేఈఏ అనే వేరే చట్టం ఉంది, ఏ రాష్ట్రం కోర్టు కస్టడీ కేసు వినాలో అది చెబుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ లాయర్లను కలవాల్సి రావచ్చు.