జర్మనీకి కొత్తగా వచ్చారా? జర్మన్‌ని ఇంగ్లీషు గుండా కాకుండా తెలుగు నుంచే నేర్చుకోండి

జర్మనీలో దిగగానే చాలామంది తెలుగువాళ్లు ఒక యాప్, ఒక ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం పెట్టుకుని చదువు మొదలుపెడతారు. మాటల వరకు ఇంగ్లీషు సాయం చేస్తుంది. హౌస్, వస్సర్, ఫింగర్ లాంటివి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషే దారి తప్పిస్తుంది. అక్కడ తెలుగు చాలా దగ్గర.

మాతృభాషనూ కొత్త భాషనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది తేలికో ఏది కష్టమో ముందే చెప్పొచ్చని 1957లో రాబర్ట్ లాడో అనే భాషాశాస్త్రవేత్త వాదించాడు. ఆ అంచనాలన్నీ నిలబడలేదు. తప్పులన్నీ మాతృభాష నుంచే రావని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా ఉన్న కాస్త సమయాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి ఆ పోలిక ఇప్పటికీ పనికొస్తుంది. (ఇక్కడ జర్మన్ మాటల్ని తెలుగు లిపిలో రాశాం. అది ఉచ్చారణకు దగ్గరి రూపమే, అసలుది విని సరిచూసుకోండి.)

"కు" ఎంతవరకు పనిచేస్తుంది

"నాకు చలిగా ఉంది" అనడానికి జర్మన్‌లో "మీర్ ఇస్ట్ కల్ట్" అంటారు. మీర్ అంటే నాకు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్లు "ఇష్ బిన్ కల్ట్" (అక్షరాలా "నేను చల్లన") అంటారు. అలా అంటే మనిషే జాలీ దయా లేనివాడని అర్థం వస్తుంది. "నాకు నచ్చింది" అన్నా, "ఆయనకు సాయం చేశాను" అన్నా, "ఆమెకు జవాబు చెప్పాను" అన్నా తెలుగులో "కు" వచ్చినచోటే జర్మన్‌లో డాటివ్ విభక్తి వస్తుంది. గెఫాలెన్ (నచ్చడం), హెల్ఫెన్ (సాయం చేయడం), ఆంట్‌వోర్టెన్ (జవాబు చెప్పడం), డాంకెన్ (కృతజ్ఞతలు చెప్పడం) అనే క్రియలను ఇలా తెలుగు వాక్యంతో కలిపి నేర్చుకుంటే పట్టిక బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఈ సూత్రాన్ని అన్నిచోట్లా లాగితే మాత్రం దెబ్బతింటారు. "నాకు కారు ఉంది", "నాకు తెలుసు", "నాకు జర్మన్ వచ్చు" అనే మూడింటికీ జర్మన్‌లో కర్త "ఇష్", అంటే నేను: ఇష్ హాబె ఐన్ ఔటో, ఇష్ వైస్, ఇష్ కన్ డోయ్చ్. ఈ మూడింటినీ వాక్యాలుగానే కంఠతా పట్టేయండి.

క్రియ ఎక్కడ పెట్టాలి

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. మామూలు జర్మన్ వాక్యంలో కాలం చూపే క్రియ రెండో స్థానంలో ఉంటుంది, మిగతా క్రియాభాగం చివరికి పోతుంది. తెలుగువాళ్లకు ఇందులో ఒక సులువు ఉంది. ముందు తెలుగు వాక్యం అనుకోండి: నేను రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అదే వరుసలో జర్మన్ మాటలు పేర్చండి: ఇష్, మోర్గెన్, ట్సుమ్ ఆర్ట్స్ట్, గేయెన్. ఇప్పుడు "ఆలి"కి బదులు వచ్చే "ముస్"ను రెండో చోట దూర్చండి: ఇష్ ముస్ మోర్గెన్ ట్సుమ్ ఆర్ట్స్ట్ గేయెన్. వాక్యం అయిపోయింది. కాలం ముందు, చోటు తర్వాత అనే వరుస కూడా తెలుగుదే.

రెండో స్థానం అంటే రెండో మాట కాదు, రెండో ముక్క. "వచ్చే వారంలో" అనేది జర్మన్‌లో ఎన్ని మాటలైనా ఒకే ముక్క. వాక్యం కాలంతో మొదలైతే కర్త క్రియ వెనక్కి జరగాలి: హోయ్టె గేయె ఇష్ (ఇవాళ నేను వెళ్తాను). "హోయ్టె ఇష్ గేయె" అనేది ఇంగ్లీషు నుంచి దిగుమతైన తప్పు, ఏళ్లు గడిచినా వదలదు. రోజుకు పది వాక్యాలు "ఇవాళ", "రేపు", "తర్వాత" లాంటి మాటతో మొదలుపెట్టి పైకి చెప్పండి. రాయడం కాదు, రాసేటప్పుడు ఆలోచించే వ్యవధి దొరుకుతుంది, మాట్లాడేటప్పుడు దొరకదు.

ఈ అలవాటు రావడానికి ఒక క్రమం ఉంది. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ నుంచి జర్మనీకి వచ్చిన కార్మికుల మాటల్ని మైజెల్, క్లాసెన్, పీనెమాన్ అనే భాషాశాస్త్రవేత్తలు పరిశీలించారు. ముందు కర్త-క్రియ-కర్మ వరుస, తర్వాత క్రియను విడగొట్టి ఒక భాగాన్ని చివర పెట్టడం, ఆపైన కర్తను వెనక్కి జరపడం, అన్నిటికన్నా ఆఖరున ఉపవాక్యంలో క్రియ చివరికి పోవడం అబ్బుతాయని గమనించారు. పీనెమాన్ 1984లో ఇంకో సంగతి చూపించాడు: ముందు మెట్టు ఎక్కిన పిల్లలకే కర్తను జరపడం నేర్పితే వచ్చింది, ఎక్కనివాళ్లకు ఎంత నేర్పినా రాలేదు. కాబట్టి పాఠంలో ఉన్నది నోటికి రాకపోతే పాఠం మీదే కూర్చోకండి, ఒక మెట్టు కిందికి దిగి చూసుకోండి.

అయితే ఈ క్రమం తెలుగువాళ్లకు అచ్చంగా వర్తిస్తుందనుకోవద్దు. తెలుగులాగే క్రియ చివర వచ్చే టర్కిష్, కొరియన్ మాతృభాషలవాళ్లు మొదటి దశలోనే జర్మన్ క్రియను చివర పెడతారని వైనిక్కా, యంగ్-షోల్టెన్ అనే పరిశోధకులు చూపారు. "వైల్ ఇష్ క్రంక్ బిన్" (నాకు ఒంట్లో బాగోలేనందువల్ల) లాంటి ఉపవాక్యాలంటే ఇంగ్లీషువాళ్లు భయపడతారు, మీరు భయపడనక్కర్లేదు. తెలుగులో "అని", "వల్ల" చివర వస్తాయి, జర్మన్‌లో డస్ (dass), వైల్ ముందు వస్తాయి. మారేది అదొక్కటే.

లింగానికి దగ్గరి దారి లేదు. జర్మన్‌లో నామవాచకం ముందు లింగం చూపే ఆర్టికల్ వస్తుంది: పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకలింగానికి డస్ (das). "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది" అనే మనకు అమ్మాయికి "డస్" రావడం వింత అనిపించకపోవచ్చు గానీ, బల్లకీ దీపానికీ అది సాయపడదు. ఉంగ్, హైట్, కైట్, షఫ్ట్‌తో ముగిస్తే డీ; షెన్, లైన్‌తో ముగిస్తే డస్; సోమ, మంగళ లాంటి వారాల పేర్లూ నెలల పేర్లూ డేర్. మిగతావాటిని ఆర్టికల్‌తో కలిపే రాసుకోండి.

చెవీ నోరూ

హ్రస్వ దీర్ఘాల తేడా మనకు పుట్టుకతో వచ్చింది. ష్టట్ అంటే నగరం, ష్టాట్ అంటే రాజ్యం. "చుక్క"లో పళ్ల దగ్గర పలికే చ దాదాపు జర్మన్ ట్స. శ్రమ పడాల్సింది పైన చుక్కలున్న అచ్చులకు: ü కోసం పెదవులు "ఊ"కు పెట్టి "ఈ" అనండి, ö కోసం "ఓ"కు పెట్టి "ఏ" అనండి.

మాట చివర "ఉ" చేర్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. జర్మన్‌లో చివరి అచ్చు వ్యాకరణం మోస్తుంది: టాక్ ఒక రోజు, టాగె రోజులు. మాటలో నొక్కి పలికే చోటు కూడా అర్థం మారుస్తుంది. ఉమ్‌ఫారెన్‌లో "ఉమ్" మీద బరువు పెడితే గుద్ది పడేయడం, "ఫా" మీద పెడితే చుట్టూ తిరిగి పోవడం. అంకెల్లో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అంటారు. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు రెండో భాగం వినేదాకా పెన్ను కదపకండి.

తరగతిలో, బయట

కొత్తగా వచ్చినవాళ్లకు జర్మన్ ప్రభుత్వం పెట్టిన ఇంటిగ్రేషన్ కోర్సు మామూలుగా 45 నిమిషాల పాఠాలు 700: భాషకు 600, ఆ దేశ పరిచయానికి 100. లక్ష్యం బీ1, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడగలిగే మధ్య స్థాయి. వారానికి 20 పాఠాలైతే 35 వారాలు పడుతుంది. మొదట్లో పెట్టే స్థాయి పరీక్షలో గొప్పకు పోయి పై తరగతిలో పడితే పైన చెప్పిన మెట్ల చిక్కే వస్తుంది.

అసలు ప్రమాదం ఆఫీసులో ఉంటుంది. మీరు కొంచెం తడబడగానే అవతలివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు. భాష కొంతవరకు పెరిగి, తప్పులతో సహా అక్కడే గడ్డకట్టడాన్ని సెలింకర్ అనే భాషాశాస్త్రవేత్త 1972లో వివరించాడు. పని జరిగిపోతుంటే దిద్దుకునే అవసరం కనిపించదు మరి. "కొన్నెన్ వీర్ బిట్టె డోయ్చ్ ష్ప్రెషెన్?" (దయచేసి జర్మన్‌లో మాట్లాడుకుందామా?) అనే వాక్యాన్ని నోటి చివర ఉంచుకోండి. నమ్మకమున్న సహోద్యోగి ఒకరిని దిద్దమని అడగండి; అన్నీ కాదు, ఈ వారం క్రియ స్థానం ఒక్కటే. అది కుదిరాక డేర్, డీ, డస్ దిద్దమనండి.