ఎస్‌క్యూలైట్ రిజల్ట్ చదివే ముందు టైప్ చూడండి

సీ భాషలో ఎస్‌క్యూలైట్ (డేటాని ఒక ఫైల్లోనే దాచే చిన్న డేటాబేస్) వాడేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటే: టేబుల్లో కాలమ్‌ని ఇంటిజర్ అని రాశాం కదా, లోపల ఉన్నదీ ఇంటిజరే అనుకోవడం. మామూలు టేబుల్లో అలా ఉండదు, టైప్ ఒక్కో విలువకి విడిగా ఉంటుంది, అదే కాలమ్‌లో ఎవరైనా "తెలియదు" అని టెక్స్ట్ పెట్టినా నిక్షేపంగా దాచుకుంటుంది.

అందుకే ఫలితాన్ని ఒక్కో రోగా అందించే స్టెప్ ఫంక్షన్ రో ఇచ్చిన వెంటనే, విలువ తీసుకోకముందే, కాలమ్ టైప్ ఫంక్షన్‌ని పిలవండి (కాలమ్ లెక్క 0 నుంచి మొదలు). 1 వస్తే ఇంటిజర్, 2 ఫ్లోట్, 3 టెక్స్ట్, 4 బ్లాబ్ (ముడి బైట్లు), 5 నల్ (అసలు విలువే లేదు). కోడ్‌లో మాత్రం ఈ అంకెలు కాకుండా హెడర్‌లో ఉన్న పేర్లే వాడండి. ముందు విలువ చదివేసి తర్వాత టైప్ అడిగితే, మధ్యలో టైప్ కన్వర్షన్ జరిగి ఉంటే ఆ జవాబుని నమ్మలేం.

నల్ విషయంలో మరీ జాగ్రత్త. ఇంటిజర్‌గా చదివితే 0 వస్తుంది, అంటే అది బాకీ కాలమ్ అయితే, బాకీ సున్నానా, అసలు నమోదే కాలేదా అన్నది తెలియదు. టెక్స్ట్‌గా చదివితే నల్ పాయింటర్ వస్తుంది, దాన్ని అలాగే స్ట్రింగ్ పొడవు కొలిచే ఫంక్షన్‌కి ఇచ్చారంటే ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది.

ఇంకోటి, 9తో మొదలయ్యే పది అంకెల మొబైల్ నంబర్ 32 బిట్లలో పట్టదు, 64 బిట్ల ఫంక్షన్‌తోనే చదవండి, లేకపోతే ఏ ఎర్రరూ రాకుండానే తప్పు నంబర్ చేతికొస్తుంది. టెక్స్ట్ పాయింటర్ కూడా తర్వాతి స్టెప్ దాకానే పనికొస్తుంది, దాచుకోవాలంటే కాపీ చేసుకోండి.